‘లేదు’కీ ‘తెలియదు’కీ ఒకటే గడి

పోయిన నెల మా కాలేజీ బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒక బొమ్మ పంపారు. నీలం రంగు మీద తెల్లటి పెద్ద అక్షరాలు: అమెరికాలో ఆత్మహత్య చేసుకున్నవాళ్ళలో 54 శాతం మందికి ఏ మానసిక సమస్యా లేదు. అడుగున సీడీసీ అని, అంటే అమెరికా ప్రభుత్వ వ్యాధి నియంత్రణ సంస్థ పేరు, ఉంది కాబట్టి ఇక ఎవరికీ అనుమానం రాలేదు. "చూశారా, డిప్రెషన్ అంటూ నడుస్తున్నదంతా డాక్టర్ల వ్యాపారం" అని ఒకడు. "బాగున్నవాళ్ళే ఇలా చేసుకుంటుంటే ఇంక ఎవర్ని ఆపగలం" అని ఒకావిడ. ఆ వెనకే దండాలు పెట్టే చేతుల బొమ్మలు ఓ ఇరవై. ఆ గ్రూపులో పుట్టినరోజు శుభాకాంక్షలు తప్ప నేనెప్పుడూ ఏమీ రాయను. ఆ రోజు రాసి, చెరిపి, మళ్ళీ రాసి, చివరికి ఒక్క ముక్క పెట్టాను: "ఇందులో ఒక మాట ఎగిరిపోయింది." ఏ మాట అని ఒక్కరూ అడగలేదు. అడక్కపోయినా చెప్పడానికే కదా బ్లాగు ఉన్నది.

ఎగిరిపోయిన మాట "తెలిసిన". ఆ లెక్క నిజమైనదే, 2018 జూన్‌లో సీడీసీ బయటపెట్టింది. 2015లో 27 రాష్ట్రాల్లో జరిగిన ఆత్మహత్యలను తీసుకుని చూస్తే 54 శాతం మంది విషయంలో "తెలిసిన మానసిక ఆరోగ్య సమస్య" ఏదీ నమోదు కాలేదని అన్నారు. తెలిసిన అంటే ఎవరికి తెలిసిన? ఎవరు అడిగితే, ఎవరు చెబితే, ఎవరు రాస్తే తెలిసిన? నా జీతం ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది కాబట్టి కాస్త ఓపిక పట్టి వినండి.

నేను ఇక్కడ అమెరికాలో ఒక రాష్ట్ర ఆరోగ్య శాఖలో పని చేస్తాను. ఏ రాష్ట్రమో చెప్పను, కేసుల సంగతులు అసలే చెప్పను, చెప్పకూడదు కూడా. నా హోదా పేరు అబ్‌స్ట్రాక్టర్. మా అమ్మకి ఆరేళ్ళుగా అర్థం చేయించలేకపోయిన ఉద్యోగం ఇది. సులువుగా చెప్పాలంటే, రాష్ట్రంలో హింస వల్ల పోయిన ప్రతి ప్రాణం తాలూకు కాగితాలు చదివి, వాటిలో ఉన్నది గడుల్లోకి ఎక్కిస్తాను. ఎక్కించే చోటు పేరు హింసాత్మక మరణాల జాతీయ నమోదు వ్యవస్థ, ఇంగ్లీషు పొడి అక్షరాల్లో ఎన్‌వీడీఆర్‌ఎస్. ఆ 54 శాతం వచ్చింది కూడా ఇక్కణ్ణుంచే. హింస అనగానే హత్య ఒక్కటే గుర్తొస్తుంది కానీ ఇందులోకి హత్యలు, ఆత్మహత్యలు, పోలీసుల చేతిలో పోయినవాళ్ళు, పొరపాటున తుపాకీ పేలి పోయినవాళ్ళు, ఆత్మహత్యో ప్రమాదమో ఎవరూ తేల్చలేకపోయినవాళ్ళు, అందరూ వస్తారు. కోర్టు వేసిన మరణశిక్షలు మాత్రం రావు. 2020 సంవత్సరానికి ఇందులో చేరినవి 66,017 మరణాలు. వందకు 58 ఆత్మహత్యలు, 31 హత్యలు. టీవీ వార్తలు చూసి అమెరికా అంటే కాల్పులు అనుకునేవాళ్ళకి ఈ రెండంకెలు తలకిందులుగా కనిపిస్తాయి. నాకూ మొదట్లో అలాగే కనిపించాయి.

నా బల్ల మీదకి ఒక్కో మరణానికి మూడు చోట్ల నుంచి కాగితాలు వస్తాయి. డెత్ సర్టిఫికెట్ ఒకటి. చావు కారణం తేల్చే అధికారి, అంటే కరోనర్ లేదా మెడికల్ ఎగ్జామినర్, ఇచ్చే రిపోర్టు రెండోది, పోస్ట్‌మార్టం, రక్తపరీక్షలు దాంట్లోనే. మూడోది పోలీసు రిపోర్టు. ఈ మూడూ ముందేసుకుని ఆరు వందలకు పైగా గడులు చూసుకుంటూ పోవాలి. అన్నీ అందరికీ వర్తించవనుకోండి. ఇవి కాక చివర్లో రెండు పేరాలు రాయాలి: కరోనర్ రిపోర్టు ప్రకారం ఏం జరిగింది, పోలీసు రిపోర్టు ప్రకారం ఏం జరిగింది. పేర్లు ఉండకూడదు, ఊరు ఉండకూడదు, మనిషిని గుర్తుపట్టే ముక్క ఒక్కటీ ఉండకూడదు. ఒక మనిషి చివరి రెండు వారాలను పేరు లేకుండా ఎనిమిది వాక్యాల్లో చెప్పడం నేర్చుకోవడానికి నాకు ఏడాది పట్టింది. ఇప్పుడు బానే వచ్చు. ఆ వచ్చేసినందుకే ఒక్కోసారి బాధేస్తుంది, అది వేరే కథ.

ఇంత తతంగం ఎందుకు, డెత్ సర్టిఫికెట్లు లెక్కపెడితే సరిపోదా అని మా ఆయనే అడిగాడు. సరిపోదు. భర్త భార్యను చంపి తనూ చనిపోయాడనుకోండి, డెత్ సర్టిఫికెట్లలో ఆవిడ హత్యల సొరుగులోకి, ఆయన ఆత్మహత్యల సొరుగులోకి వెళ్ళిపోతారు. ఆ రెండూ ఒకే ఇంట్లో ఒకే రాత్రి జరిగాయని ఆ కాగితాలు చెప్పవు. మా దగ్గర లెక్క మనిషితో మొదలవదు, సంఘటనతో మొదలవుతుంది. 24 గంటల్లోపు ఒకదానికొకటి ముడిపడి జరిగిన చావులన్నీ ఒకే సంఘటన కింద చేరతాయి. అలా చేరిస్తేనే బయటపడింది, 16 రాష్ట్రాల లెక్కలు చూసిన 2014 నాటి ఒక అధ్యయనంలో: భార్యాభర్తల, ప్రేమికుల మధ్య హింసలో చంపబడినవాళ్ళలో దాదాపు 20 శాతం మంది అసలు ఆ జంటలో ఒకరు కాదు. పిల్లలు, అత్తమామలు, అడ్డం వెళ్ళిన స్నేహితురాలు, ఫోన్ వస్తే వచ్చిన పోలీసు. "అది మొగుడూపెళ్ళాల గొడవ, మనకెందుకు" అనేవాళ్ళ కోసమే వేసినట్టున్న లెక్క.

అసలు ఇలాంటి లెక్క ఈ దేశంలో ముందు కారు ప్రమాదాలకు మొదలైంది. 1975 నుంచి రోడ్డు మీద పోయిన ప్రతి ప్రాణానికీ ఒక ఫైలు ఉంటుంది, రోడ్డు ఎలాంటిది, సీటు బెల్టు ఉందా, వెలుతురెంత, డ్రైవరు తాగాడా అన్నీ. 1960ల మధ్యలో కార్లు తిరిగే ప్రతి పది కోట్ల మైళ్ళకు అయిదుగురికి పైగా చనిపోయేవాళ్ళు, ఇప్పుడు ఒకరికీ ఒకటిన్నరకీ మధ్య ఉంది. ఫైలు ఒక్కటే తగ్గించిందని నేననను. కానీ ఏ మార్పు పని చేసిందో చూసుకోవడానికి ఫైలు ఉంది. తుపాకీ చావులకీ ఆత్మహత్యలకీ అలాంటిది ఒకటి కావాలని 1999లో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ అనే నిపుణుల సంస్థ చెప్పింది, హార్వర్డ్‌లో ముందు చిన్నగా ప్రయత్నం చేసి చూశారు, 2002లో సీడీసీ ఆరు రాష్ట్రాలకు డబ్బులిచ్చి మొదలెట్టింది. మేరీలాండ్, మసాచుసెట్స్, న్యూజెర్సీ, ఒరెగాన్, సౌత్ కరోలినా, వర్జీనియా. మొత్తం 50 రాష్ట్రాలూ చేరడానికి 2018 వరకు పట్టింది. పదహారేళ్ళు!

ఎందుకు అంత ఆలస్యమో తెలియాలంటే 1996కి వెళ్ళాలి. ఆర్కన్సా ప్రతినిధి జే డిక్కీ పేరు మీద బడ్జెట్ బిల్లులో ఒక్క వాక్యం చేర్చారు, గాయాల నివారణ కోసం సీడీసీకి ఇచ్చే డబ్బును తుపాకీ నియంత్రణను ప్రోత్సహించడానికి వాడకూడదని. పరిశోధన చేయొద్దని అందులో లేదు. కానీ అంతకుముందు ఏడాది తుపాకీ పరిశోధనకు ఎంత ఖర్చయిందో సరిగ్గా అంతే, 26 లక్షల డాలర్లు, కోత పెట్టారు. అర్థమవ్వాల్సినవాళ్ళకి అర్థమైంది. ఆ తర్వాత ఇరవై ఏళ్ళకు పైగా ఆ పక్కకు ఎవరూ పెద్దగా తొంగిచూడలేదు, 2020 బడ్జెట్‌లో కానీ మళ్ళీ రెండున్నర కోట్ల డాలర్లు కేటాయించలేదు. తమాషా ఏంటంటే డిక్కీ గారే తర్వాత మనసు మార్చుకున్నారు. అప్పట్లో తాను పడగొట్టాలని చూసిన సీడీసీ గాయాల నివారణ కేంద్రం డైరెక్టరు మార్క్ రోజెన్‌బర్గ్‌తో స్నేహం కుదిరి, 2012లో ఇద్దరూ కలిసి పరిశోధన జరగాలని పత్రికలో రాశారు. వాక్యం మాత్రం అలాగే ఉంది.

సరే, ఇప్పుడు గడి సంగతి.

ఆత్మహత్య కేసు తెరిస్తే "పరిస్థితులు" అని ఒక పేజీ వస్తుంది. డిప్రెషన్ ఉందా, చికిత్స తీసుకుంటున్నారా, భార్యాభర్తల మధ్య సమస్యా, ఉద్యోగంలో ఇబ్బందా, డబ్బు ఇబ్బందా, ఒంట్లో జబ్బా, ఇల్లు ఖాళీ చేయాల్సి వచ్చిందా, కోర్టు కేసా, దగ్గరివాళ్ళెవరైనా ఈమధ్యే పోయారా, చనిపోతానని ఎవరితోనైనా అన్నారా, చివరి రెండు వారాల్లో ఏదైనా పెద్ద దెబ్బ తగిలిందా. ఒక్కోదానికీ రెండే జవాబులు. 1 అంటే అవును. 0 అంటే, జాగ్రత్తగా చదవండి, "లేదు, సమాచారం అందలేదు, తెలియదు". మూడూ కలిపి ఒకటే సున్నా.

డిప్రెషన్ లేదని డాక్టరు రాసిచ్చిన మనిషికీ, డిప్రెషన్ ఉందా అని ఎవరూ అడగనే అడగని మనిషికీ, అడిగితే ఇంట్లోవాళ్ళు మాట దాటేసిన మనిషికీ ఒకే సున్నా. ఏ పరిస్థితీ తెలియని కేసులను శాతాలు కట్టేటప్పుడు పక్కన పెట్టేస్తారు, అంతవరకు న్యాయమే. కానీ ఒక్కటి తెలిస్తే చాలు, ఆ కేసు లెక్కలోకి వచ్చేస్తుంది, మిగతా సున్నాలన్నీ దాని వెంట వచ్చేస్తాయి. పోలీసు రిపోర్టులో "ఇటీవల ఉద్యోగం పోయింది" అని ఒక్క వాక్యం ఉందనుకోండి. ఉద్యోగం గడిలో 1. డిప్రెషన్ గడిలో 0. ఆ 0 వెళ్ళి 54 శాతంలో కూర్చుంటుంది, అక్కణ్ణుంచి నీలం రంగు బొమ్మ మీదకి, అక్కణ్ణుంచి మా బ్యాచ్ గ్రూపులోకి.

సీడీసీ వాళ్ళు మోసం చేశారా అంటే చేయలేదు, "తెలిసిన" అని రాశారు, రిపోర్టు చివర పరిమితుల పేరాలో చెప్పారు కూడా. ఆ పేరా చదివేవాళ్ళు మాలాంటివాళ్ళే. బొమ్మలు చేసేవాళ్ళు చదవరు.

ఇదంతా చదివి "అయితే ఆ లెక్కలన్నీ దండగే అన్నమాట" అనుకుంటే నేను రాసింది తప్పుగా అర్థమైనట్టే. నా వాదన అది కాదు. ఈ వ్యవస్థలో 1 ని నమ్మొచ్చు, 0 ని నమ్మకూడదు, అంతే. ఎవరో చూశారు, ఎవరో చెప్పారు, ఎవరో రాశారు, అప్పుడే 1 పడుతుంది. కాబట్టి ఇక్కడ 1 లు లెక్కపెట్టి చెప్పే ఏ శాతమైనా "కనీసం ఇంత" అని చదువుకోవాలి. 18 రాష్ట్రాల్లో 2003 నుంచి 2014 వరకు హత్యకు గురైన ఆడవాళ్ళలో, కారణాలు తెలిసిన కేసుల్లో, 55 శాతం భర్త లేదా ప్రియుడి హింసకు సంబంధించినవే అని తేలింది. అది కనీసం. అసలు ఎంతో పైనెక్కడో ఉంటుంది.

ఇంకో సంగతి నేను పని చేస్తూ చేస్తూ గమనించాను. సాక్ష్యం కాగితం రూపంలో ఉన్నచోట ఈ లెక్క గట్టిగా ఉంటుంది, సాక్ష్యం ఇంట్లోవాళ్ళ నోట్లో ఉన్నచోట బోలుగా ఉంటుంది. 2008 ప్రాంతంలో ఇళ్ళ అప్పులు కట్టలేక జనం ఇళ్ళు పోగొట్టుకున్న రోజులు గుర్తున్నాయా? అప్పుడు 16 రాష్ట్రాల ఫైళ్ళు తీసి, ఇల్లు ఖాళీ చేయించడం లేదా బ్యాంకు జప్తు వల్ల జరిగిన ఆత్మహత్యలు వెతికారు. 2005 నుంచి 2010 దాకా 929. 2005లో 88 ఉన్నవి 2010కి 176 అయ్యాయి, సరిగ్గా రెట్టింపు. అంతవరకు ఊహించగలిగిందే. ఊహించలేనిది ఏంటంటే, వాళ్ళలో 79 శాతం మంది ఇల్లు పోకముందే చనిపోయారు. రోడ్డున పడ్డాక కాదు, నోటీసు చేతికొచ్చాక, వేలం తేదీ ఖరారయ్యాక, సామాను సర్దుకునే రోజుల్లో. ఇది ఏ డెత్ సర్టిఫికెట్టూ చెప్పదు. ఇది తెలిస్తే చేయాల్సిన పనేంటో కూడా తెలుస్తుంది, సాయం చేసే ఫోన్ నంబరు షెల్టరు గోడ మీద ఉంటే లాభం లేదు, బ్యాంకు పంపే నోటీసు మీదే ఉండాలి. ఇంత కచ్చితంగా ఎలా బయటపడింది? కోర్టు నోటీసు అనేది కాగితం కాబట్టి. బల్ల మీదో గుమ్మం మీదో ఉంటుంది, పోలీసు చూస్తాడు, రాస్తాడు. పరువు కోసం ఎవరూ దాన్ని మింగేయలేరు.

మందుల సీసా సంగతిని మింగేయొచ్చు. ఇది నాకు బాగా తెలుసు, ఎలా తెలుసో ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

ఈ ఉద్యోగంలోకి రాకముందు, డిపెండెంట్ వీసా మీద ఇంట్లో ఉన్న రోజుల్లో, మాకు తెలిసిన ఒక కుటుంబంలో ఒకాయన పోయారు. వాళ్ళని గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను. మర్నాడు కరోనర్ ఆఫీసు నుంచి ఫోన్ వస్తుందని తెలిసి నన్ను రమ్మన్నారు, ఎందుకంటే ఆయన భార్య మాట్లాడే స్థితిలో లేదు, ఇండియా నుంచి చూడ్డానికొచ్చిన ఆయన తండ్రికి ఇంగ్లీషు అంతంతమాత్రం. ఫోన్ స్పీకర్లో పెట్టాం. అవతలి మనిషి మర్యాదగానే మాట్లాడాడు, ముందు సానుభూతి చెప్పి ఒక్కొక్కటే అడిగాడు. ఉద్యోగంలో ఏమైనా ఇబ్బందులు? అప్పులు? ఇంట్లో గొడవలు? నేను తెలుగులో అడగడం, పెద్దాయన తల అడ్డంగా ఊపడం, "ఏం లేవమ్మా, మావాడు బంగారం", నేను ఇంగ్లీషులో "నో" అనడం. డిప్రెషన్‌కి మందులేమైనా వాడేవారా అని అడిగాడు. నేను తెలుగులోకి మార్చేలోపే ఆవిడ తలెత్తింది. ఆవిడకి ఇంగ్లీషు వచ్చుగా. పెద్దాయన కోడలి వంక చూడకుండా, నా వంకే చూస్తూ, "లేవని చెప్పమ్మా" అన్నారు.

నాకు తెలుసు. ముందు రోజు రాత్రి పిల్లాడికి పాలు కలుపుతుంటే ఆవిడే చెప్పింది, ఆ టాబ్లెట్లు మొదలుపెట్టి నాలుగు నెలలైందని, మధ్యలో మానేశారని. నేను "నో" అన్నాను. మొత్తం పది నిమిషాలు పట్టిందేమో. థాంక్యూ చెప్పి పెట్టేశాడు.

పెద్దాయన్ని తప్పుపట్టను. పెళ్ళి కావాల్సిన కూతురుంది, ఊళ్ళో చుట్టాలున్నారు, మందుల మాటెత్తితే ఇన్సూరెన్సు వాళ్ళు డబ్బులివ్వరేమో అని భయం, ఇంకా కొడుకు దేహం కూడా చేతికి రాలేదు. అడిగిన సమయం అలాంటిది, అడిగించిన మనిషి అలాంటిది. నేనే అయితే నా కొడుకు గురించి ఇంకేం చెప్పేదాన్ని? నన్ను నేను తప్పుపట్టుకోవడం మాత్రం మానలేకపోయాను, ముఖ్యంగా ఈ ఉద్యోగంలో చేరి మొదటి వారం ట్రైనింగులో ఆ సున్నా అర్థం తెర మీద చూసినప్పుడు. నేనన్న "నో" ఎక్కడికి వెళ్ళి కూర్చుందో ఆ రోజు తెలిసింది.

కాబట్టి గ్రూపులో మా వాళ్ళు ఆ 54 శాతాన్ని పట్టుకుని మాట్లాడుతుంటే నాకు ఒళ్ళు మండింది, నిజమే, కానీ అందులో నా వాటా కూడా కాస్త ఉంది.

ఇప్పుడు అడిగేవాళ్ళ సంగతి. చావు కారణం తేల్చే పద్ధతి ఈ దేశంలో రాష్ట్రానికో రకం, ఒక్కోచోట కౌంటీకో (మన జిల్లాలాంటిది) రకం. కొన్ని రాష్ట్రాల్లో రాష్ట్రం మొత్తానికీ డాక్టర్లయిన మెడికల్ ఎగ్జామినర్లు ఉంటారు. మసాచుసెట్స్‌లో 1877 నుంచే ఉన్నారు. చాలాచోట్ల మాత్రం కరోనర్‌ని ఓట్లేసి ఎన్నుకుంటారు, డాక్టరు అయి ఉండాలన్న నియమం లేదు. ఒహాయోలో డాక్టరే కావాలి, పక్కనున్న ఇండియానాలో అక్కర్లేదు. కాలిఫోర్నియాలో ఎక్కువ కౌంటీల్లో షెరీఫే, అంటే కౌంటీ పోలీసు పెద్దే, కరోనర్. మామూలప్పుడు శవసంస్కారాల దుకాణం నడుపుకునే మనిషి కరోనర్‌గా గెలిచిన కౌంటీలు కూడా ఉన్నాయి, అలాంటి కొందరు రాసే రిపోర్టులు పెద్ద పెద్ద నగరాల రిపోర్టుల కంటే బాగుంటాయి, ఎందుకంటే వాళ్ళకి ఆ కుటుంబం తెలుసు, కూర్చుని మాట్లాడతారు. ఇంకొన్నిచోట్ల నుంచి వచ్చే రిపోర్టు మొత్తం నాలుగు వాక్యాలు. నాలుగు వాక్యాల రిపోర్టు నుంచి నేను ఆరు వందల గడులు ఎలా నింపను? నింపుతాను, సున్నాలతో.

పోలీసులది మరో తంతు. దేశంలో దాదాపు 18,000 పోలీసు విభాగాలున్నాయి. వాళ్ళు మాకు రిపోర్టులు ఇవ్వడం చాలాచోట్ల వాళ్ళ దయ. ఒప్పందాలు చేసుకోవాలి, ఫోన్లు చేయాలి, ఆఫీసరు మారితే మళ్ళీ మొదటి నుంచి చెప్పుకోవాలి. 2020 లెక్కల్లో టెక్సస్ నుంచి చేరింది నాలుగు కౌంటీలు, ఆ రాష్ట్రంలో ఉన్నవి 254. కాలిఫోర్నియా నుంచి 58కి 35. ఫ్లోరిడా, హవాయి ఆ ఏడాది లెక్కలో అసలు లేవు. మన తెలుగువాళ్ళు ఎక్కువున్న రాష్ట్రాల్లో టెక్సస్, కాలిఫోర్నియా ముందుంటాయని వేరే చెప్పక్కర్లేదు. మనవాళ్ళ గురించి ఈ వ్యవస్థకి ఏం తెలుసు అని ఎవరైనా అడిగితే నేను ముందు ఈ అంకెలు చెబుతాను.

పోలీసుల చేతిలో పోయినవాళ్ళ లెక్క దగ్గరే మూడు కాగితాలు పక్కపక్కన పెట్టడంలో ఉన్న బలం తెలుస్తుంది. డెత్ సర్టిఫికెట్ రాసేవాళ్ళు "పోలీసు" అన్న మాట రాయకపోతే ఆ చావు మామూలు హత్యల్లో కలిసిపోతుంది. 16 రాష్ట్రాల్లో 2005 నుంచి 2012 దాకా మా వ్యవస్థలో దొరికిన అలాంటి మరణాలు 1,552. అవే రాష్ట్రాలకు అవే ఏళ్ళకు డెత్ సర్టిఫికెట్ల లెక్క 906, ఎఫ్‌బీఐ లెక్క ఇంకా తక్కువ. ఒక కాగితం మింగేసినదాన్ని రెండో కాగితం కక్కింది. అంటే దారి లేక కాదు, ఇంకో చోట అడిగితే దొరుకుతుంది.

అందుకే నేను అడిగేది చాలా చిన్నది, తుపాకీల మీద మీ అభిప్రాయం ఏదైనా సరే దీనికి అడ్డం రాదు. ఒకటి, ఆ గడిని చీల్చండి. లేదు వేరు, అడగలేదు వేరు, అడిగినా చెప్పలేదు వేరు. రెండు, డబ్బును అట్లాంటాలోని సీడీసీ ఆఫీసులో కొత్త డ్యాష్‌బోర్డు కంటే ముందు ఆ ఫోన్ చేసే ఇన్వెస్టిగేటరుకి ఇవ్వండి, దేహం చేతికి రాని రోజున ఒక్కసారి అడిగి వదిలేయకుండా రెండు మూడు నెలల తర్వాత ఇంకోసారి ఫోన్ చేసేంత తీరిక అతనికి ఉండేలా. అప్పటికి కర్మకాండలయిపోయి ఉంటాయి, చుట్టాలు వెళ్ళిపోయి ఉంటారు, ఆవిడ ఒక్కతే ఫోన్ ఎత్తుతుంది. మూడోది అన్నిటికంటే చవకది, ఇంగ్లీషు రాని ఇంట్లో ఆ ఇంటి స్నేహితురాలితో అనువాదం చేయించకండి. ఫోన్ మీద దొరికే వృత్తి అనువాదకులున్నారు, ఆస్పత్రులు రోజూ వాడతాయి. ముక్కూమొహం తెలియని గొంతు అయితే ఆ పెద్దాయన "లేవని చెప్పమ్మా" అనలేకపోయేవారు. అన్నా ఆ గొంతు ఆ మాటనే చెప్పేది, "లేవని చెప్పమంటున్నారు" అని. ఆ చివరి మాట రిపోర్టులోకి ఎక్కి ఉంటే నాలాంటి ఇంకో మనిషి ఎక్కడో దాన్ని చదివి ఆగి ఉండేది.

ఉద్యోగ సమస్య గడి సంగతి కూడా ఇలాంటిదే. హెచ్‌1బీ మీద ఉన్న మనిషికి ఉద్యోగం పోతే 60 రోజుల్లో ఇంకోటి వెతుక్కోవాలి, లేదా సర్దుకోవాలి. గడిలో పడేది "ఉద్యోగం" అన్న 1 మాత్రమే, ఆ గడియారం సంగతి ఎవరైనా చెప్పి, ఎవరైనా రాస్తేనే పేరాలోకి వస్తుంది. ఇళ్ళ జప్తు విషయంలో నోటీసుకీ చావుకీ మధ్య ఎన్ని రోజులో తెలిసింది, ఇక్కడ అలాంటి లెక్క ఎవరైనా తీయాలంటే ముందు ఆ పేరాల్లో ఆ మాట ఉండాలి కదా.

ఈ గడి చీల్చే మాట నేను ఒక మీటింగులో ఎత్తాను. నవ్వలేదు ఎవరూ, అదే గొప్ప. గడి మారిస్తే 2003 నుంచి ఉన్న లెక్కలతో పోల్చడానికి వీలుండదు అన్నారు. అది కొట్టిపారేయదగ్గ మాట కాదు, ఇరవై ఏళ్ళ వరస తెగిపోతే నష్టమే. పైగా అది 2025లో జరిగిన మీటింగు, ఆ ఏప్రిల్‌లోనే సీడీసీ గాయాల నివారణ కేంద్రంలో పెద్ద ఎత్తున ఉద్యోగాలు తీసేశారు, వచ్చే ఏడాది గ్రాంటు ఉంటుందో లేదో అని అందరం టెన్షన్‌లో ఉన్నాం, అలాంటప్పుడు గడుల గురించి మాట్లాడేదాన్ని చూసి జాలిపడి ఉంటారు. వ్యవస్థే ఉంటుందో ఊడుతుందో తెలియనప్పుడు దాన్ని బాగుచేయమనడం కాస్త వింతగానే ఉంటుంది. కానీ ఊడకుండా కాపాడాలంటే "మా అంకెలు అద్భుతం" అని అబద్ధమాడటం కంటే ఇందులో ఏది గట్టిదో ఏది బోలో చెప్పడమే నయమని నాకనిపిస్తుంది.

గ్రూపులో ఆ బొమ్మ కింద ఇంకా దండాల చేతులు పడుతూనే ఉన్నాయి.

ఇప్పుడు ఫైలు తెరవగానే నేను ముందు కారణం చూడను. ఇంట్లోవాళ్ళతో ఎవరు మాట్లాడారు, ఎప్పుడు మాట్లాడారు, ఏ భాషలో మాట్లాడారు అన్నది వెతుకుతాను. ఎక్కువ రిపోర్టుల్లో అది ఉండదు. ఎప్పుడో ఒకసారి "కుటుంబ స్నేహితురాలు అనువదించింది" అని కనిపిస్తుంది. అక్కడ కాసేపు ఆగుతాను. తర్వాత కిందకి దిగి, డిప్రెషన్ గడి దగ్గరికి వచ్చి, 0 వేస్తాను. వేరే అంకె వేసే అధికారం నాకు లేదు.